సుద్ద గుర్తు పెట్టిన అతుకులు

ఆ కారు మంచిర్యాలకు కారుగా రాలేదు. నాలుగు చెక్కపెట్టెల్లో, గొట్టాలుగా వచ్చింది. తెచ్చిన లారీ మా అక్కవాళ్ల సందులోకి తిరగలేక మూల మీదే నిలిచిపోతే, పెట్టెలను ట్రాలీ ఆటోకు మార్చి ఇంటి వెనక రేకుల షెడ్డు దాకా చేర్చారు. మూతలు తీసి చూస్తే, కోణాలకు సరిపోయేలా ముందే కోసి అంకెలు వేసిన ఉక్కు గొట్టాలు, చక్రాలను చట్రానికి కలిపే ఇనుప చేతులు, కారు ఒంటికి బిగించే ఎర్రని ఫైబర్ డొప్పలు, నక్షల పుస్తకం ఒకటి ఉన్నాయి. ఇంజను లేదు. దాన్ని మా అక్క కూతురు కరీంనగర్‌లో, ప్రమాదంలో నుజ్జయిన ఒక చిన్న కారు నుంచి విప్పించి తెచ్చుకుంది.

ఆమె మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ఒక కార్ల సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తున్నది. సెలవు రోజుల్లో పోటీల్లో కారు నడుపుతుంది. పోటీ అంటే పది కార్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెత్తడం కాదు. మట్టి మైదానంలో కోన్లు నిలిపి, ఒక్కో కారును విడిగా వదిలి, ఎవరు ఎన్ని సెకన్లలో తిరిగివచ్చారో కొలుస్తారు. అప్పటిదాకా ఇతరుల కార్లు అడిగి నడిపింది. ఇప్పుడు తనదంటూ ఒకటి కట్టుకోవాలనుకుంది. తలుపులు, పైకప్పు లేకుండా, నేలకు జానెడు ఎత్తులో కూర్చునే స్పోర్ట్స్ కారు. దానికి రోడ్డు మీద తిరిగే అనుమతి ఉండదు. మైదానం దాకా మరో బండి మీద మోసుకుపోవాలి. పెట్టెల్లో వచ్చిన గొట్టాలను తానే వెల్డింగ్ చేసి చట్రం నిలబెట్టాలి. ఆ చట్రంలో అన్నిటికన్నా ముఖ్యమైనది డ్రైవరు తల చుట్టూ లేచే గొట్టాల పంజరం. రోల్ కేజ్ అంటారు. కారు తలకిందులైతే నేలకూ మనిషి మెడకూ మధ్య మిగిలేది అదొక్కటే. దాని అతుకుల్లో ఒకటి విడిపోతే మిగిలినవి ఎంత గట్టివైనా ప్రయోజనం ఉండదు.

కనుక మొదటి రోజు నుంచీ నా మనసులో ఉన్న ప్రశ్న ఒక్కటే: ఆ అతుకులు గట్టివని ఎవరు చెప్పాలి, ఏ ఆధారంతో చెప్పాలి?

ఆ ఇంట్లో చెప్పేవారికి కొదవ లేదు. మా బావ భూగర్భ బొగ్గు గనిలో మైనింగ్ సర్దార్‌గా పనిచేసి పదవీ విరమణ పొందారు. గనిలో సర్దార్ అంటే ఒక షిఫ్టులో ఒక భాగానికి, అక్కడ పనిచేసే మనుషుల ప్రాణాలకు జవాబుదారీ. కార్మికులు అడుగుపెట్టే ముందు ఆయన వెళ్లి, చివర ఇనుప పొన్ను వేసిన చేతికర్రతో గని పైకప్పును తట్టి, చప్పుడు వినాలి. రాయి ఒకే ముద్దగా ఉంటే ఖంగుమంటుంది. పొర విడిపోయి ఉంటే బోలుగా, డప్పు మీద కొట్టినట్టు పలుకుతుంది. బాగున్నచోట సర్దార్ సుద్దతో తారీకు వేసి తన పొడి అక్షరాలు రాస్తారు. ఆ గుర్తు ఉన్నచోట మనిషి కూర్చుని సద్ది విప్పుకోవచ్చు. గుర్తు లేనిచోట నిలబడకూడదు. గని కాలనీల్లో పెరిగిన పిల్లలకు ఈ సంగతి బడికంటే ముందే తెలుస్తుంది.

నేను కరీంనగర్‌లో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించాను. ఎవరు ఏ మాట చెప్పినా 'అది మీకెలా తెలిసింది' అని అడగడం నాకు అలవాటు. దీనివల్ల పెళ్లిళ్లలో నా పక్కన కూర్చోవడానికి బంధువులు వెనుకాడతారు. మా బావ మాత్రం ఎన్నడూ నొచ్చుకోలేదు. తనిఖీ చేయడం ఇద్దరి వృత్తీ అనేవారు.

చట్రం సగం లేచిన ఒక ఆదివారం నేను రైలు దిగి షెడ్డుకు వెళ్లేసరికి, ఆయన చిన్న ఇనుప కమ్మీతో గొట్టాలను తడుతూ, తల పక్కకు వాల్చి వింటున్నారు. పిల్ల ముఖానికి వెల్డింగ్ తొడుగు పైకెత్తుకుని పక్కనే నిలబడి ఉంది. నల్లని గొట్టాల మీద, ప్రతి అతుకు పక్కనా, తెల్లని సుద్దతో తారీకు, రెండు పొడి అక్షరాలు.

"ఇదేంది బావా?"

"సర్దార్ చూసిండన్నట్టు."

"చూసినవా, విన్నవా?"

"రెండూ. నువ్వు చదివింది పుస్తకంల ఉంటది లెక్చరరమ్మా. నేను చదివింది చెవుల ఉంటది. నీ పుస్తకానికి చెద పడ్తది గని నా చెవులకు పడదు."

"రాయికి పనికొచ్చింది ఉక్కుకు పనికొస్తదని ఏమున్నది?"

"మొదలుపెట్టింది," అని కూతురితో అన్నారు ఆయన. "మీ చిన్నమ్మ ఇంక చాయ్ గూడ పరీక్షకు పెట్టి తాగుతది."

పిల్ల నవ్వింది. "బాపు సుద్ద పెట్టిండు గద చిన్నమ్మా. ఫికర్ ఏముంది?"

ఆ మాట ఆమె తేలికగా అనలేదు. చిన్నప్పటి నుంచి ఆమె ఎరిగిన అత్యంత గట్టి హామీ అది. వేలమంది దాన్ని నమ్మి కిందికి దిగి, పైకి వచ్చారు. అయినా నాకు సందేహం తీరలేదు. తట్టి వినే పద్ధతి మూఢనమ్మకం కాదు. ఒక వస్తువు లోపల చీలిక ఉంటే అది కంపించే తీరు మారుతుంది. రైలు చక్రాలను ఒకప్పుడు సుత్తితో కొట్టి పరీక్షించింది అందుకే. కానీ పలుచని గొట్టాలు కలిసే అతుకులో, పైన వెల్డింగ్ పూత నున్నగా ఉండి లోపల అంటుకోకపోతే, ఆ తేడా చెవికి అందుతుందా అన్నది నాకు తెలియదు. తెలియనిదాన్ని కాదనలేను, అవుననీ అనలేను.

తర్వాతి వారం నేను రంగు పరీక్షకు కావలసిన డబ్బాలు తీసుకుపోయాను. అతుకును శుభ్రం చేసి ఎర్రని ద్రవం పూసి, కాసేపాగి తుడిచేసి, పైన తెల్లని పొడి చల్లితే, పగుళ్లలో దాగిన ఎరుపు పైకి ఊరి గీతలా కనిపిస్తుంది. డ్రైవరు వీపు వెనక నిలిచే గొట్టం కింద, సుద్ద గుర్తు ఉన్న అతుకు మీద, వెంట్రుకంత గీత కనిపించింది. బావ కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు.

"అది తోలు మీది గీత," అన్నారు. "ఎముక మంచిగనే ఉన్నది. నేను విన్న."

"అయితే నీ చెవిని పరీక్షిద్దామా బావా?"

"పెట్టు. నేను పరీక్ష పాసయ్యే సర్దార్‌నైన."

పరీక్షను నేను జాగ్రత్తగా రూపొందించాను. అదే మందం గల గొట్టాలతో, కరీంనగర్‌లోని ఒక వెల్డింగ్ షాపులో, మా ఇంటివారెవరూ లేకుండా పన్నెండు అతుకులు చేయించాను. ఆరింటిని పూర్తిగా అతికించారు. మిగిలిన ఆరింటిలో సగం చుట్టు మాత్రమే అంటుకునేలా చేసి, పైన మాత్రం అన్నీ ఒకేలా కనిపించేటట్టు పూత వేశారు. కంటికి ఏ ఆనవాలూ దొరకకుండా ప్రతి అతుకు మీదా నల్ల టేపు చుట్టాను. అంకెల చీటీలు కలిపి, ఏది వస్తే ఆ ముక్కను బావ చేతికిచ్చాను. ఏది మంచిదో రాసిన కాగితం మడిచి నా సంచిలోనే ఉంచుకున్నాను.

ఆ రోజు వాన. షెడ్డు రేకుల మీద చప్పుడు ఎక్కువగా ఉండడంతో ముందుగదిలోకి మారి, తలుపులు మూసి కూర్చున్నాము. బావ గొట్టాన్ని దారంతో వేలాడదీసి తట్టి చెబుతుంటే, పిల్ల మాకు వీపు తిప్పి బల్ల దగ్గర కూర్చుని రాసింది. ఆయన తొందరపడలేదు. ఒక్కో ముక్కను మూడు నాలుగు సార్లు కొట్టి, కళ్లు మూసుకుని, ఆగి, 'మంచిది' అనో 'బోలు' అనో చెప్పారు. ఆ ముఖంలో ఉన్న శ్రద్ధను నా విద్యార్థుల్లో చాలా కొద్దిమందిలో చూశాను.

పన్నెండింటిలో ఆరు సరిపోయాయి.

నాణెం ఎగరేసి చెప్పినా సగటున ఆరే సరిపోతాయి. ఆ మాట నేను అనవలసిన అవసరం రాలేదు. ఆయన అంకెలు తెలియని మనిషి కాదు. "గీ టేపు సప్పుడును మింగుతున్నది," అన్నారు మెల్లగా. తర్వాత కమ్మీని బల్ల మీద పెట్టారు.

"నీ తప్పేం లేదు బావా," అన్నాను. "గీ పద్ధతి వెల్డింగుకు నడవదు. రాయి వేరు, ఉక్కు వేరు."

ఆ ముగింపు దయగలది. నేను నిజంగా నమ్మినది కూడా. ఇద్దరికీ గౌరవం మిగిలే జవాబు దొరికిందని లోలోపల సంతోషించాను.

సాయంత్రం పిల్ల నన్ను స్కూటీ మీద స్టేషన్‌లో దింపింది. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాక జేబులోంచి ఒక కాగితం తీసింది. ఒక వైపు బాపు చెప్పిన జవాబులు ఉన్నాయి. వెనక వైపు, చిన్న అక్షరాలతో, మరో పన్నెండు జవాబులు.

"ఇవెవరియి?"

"నావి. ఎన్కకు తిరిగి కూసున్న గద. ఇనవడ్డట్టు రాసిన." ఆమె నావైపు చూడకుండా పట్టాలవైపు చూస్తూ చెప్పింది. "నీ కాగితంతోని కలిపి చూడు చిన్నమ్మా."

పదకొండు సరిపోయాయి.

"నీకు అంత సాఫ్‌గ ఇనవడ్డదా?"

"నీకు ఇనవడలేదా?"

నేను వినలేదు. చీటీలు చూస్తూ, ముక్కలు అందిస్తూ, లెక్క తప్పకుండా చూసుకోవడంలో మునిగిపోయాను. ఒక పరికరం తేడా చూపించకపోతే రెండు కారణాలు ఉండవచ్చు: తేడా లేకపోవడం, పరికరం చెడిపోవడం. ఏదో తేల్చడానికి రెండో పరికరం కావాలి. ఈ పాఠాన్ని ఏటేటా నల్లబల్ల మీద రాసిన నేను, మా అక్క ఇంటి ముందుగదిలో మరచిపోయాను. టేపు చప్పుడును మింగలేదు. పద్ధతి కూడా తప్పు కాదు.

"బాపుకు చెప్పకు," అంది పిల్ల.

"చెప్పకుంటే ఆయన పెట్టిన గుర్తులన్నీ ఏమైతయి? నువ్వు గా కార్లనే కూసోవాలె."

"నాకెర్కే," అంది.

నేను రెండు వారాలు మంచిర్యాలకు పోలేదు. కారణాలు చెప్పుకున్నాను, వాటిలో ఒక్కటి కూడా నిజం కాదు. మూడో వారం ఆయనే ఫోన్ చేశారు. ఆయన ఫోన్‌లో ఎప్పుడూ అవతలి గట్టు మీది మనిషితో మాట్లాడినంత గట్టిగా మాట్లాడతారు. పాతకాలపు అలవాటనుకునేదాన్ని.

"ఆ దినం పోరి కాగితం ఎన్కకు ఏందో రాసింది. రాసుడు జూసిన. అడిగితే ఏం లేదంటది. రోజు అడుగుతున్న, రోజు అదే మాట. నువ్వు అబద్ధమాడవని నిన్ను అడుగుతున్న."

నేను చెప్పాను. పదకొండు అన్న అంకె కూడా చెప్పాను.

"పదకొండా," అన్నారు. కాసేపాగి, "మల్ల ఒకపారి చెప్పు, సరిగ్గ ఇనవడలే," అన్నారు. మళ్లీ చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేశారు.

మరునాడు ఆయన తడిగుడ్డతో చట్రం మీది సుద్ద గుర్తులన్నీ తుడిచారట. మా అక్క తర్వాత చెప్పింది. ఎందుకు తుడుస్తున్నావంటే, చూడని అతుకుల మీద సర్దార్ గుర్తు ఉండకూడదన్నారట. కొన్ని గుర్తులు వెల్డింగ్ గరుకులో చిక్కి పోకపోతే బ్రష్షు తెచ్చి రుద్దారట.

కరీంనగర్‌లో చెవుల డాక్టరు దగ్గరకు నేనే తీసుకుపోయాను. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. బయటికి వచ్చిన గీత నాకు చదవడం తెలుసు. మంద్ర స్వరాల దగ్గర సమంగా నడిచి, తారస్థాయికి పోయేకొద్దీ నిటారుగా కిందికి జారిపోయింది. ఏళ్ల తరబడి యంత్రాల మోతలో పనిచేసినవారికి ఇలా జరుగుతుందని డాక్టరు అన్నారు. ఎప్పుడు మొదలైందని బావ అడిగారు. మెల్లగా వస్తుంది, మనిషికే తెలియదు, ఇప్పుడు చెప్పలేమన్నారు.

ఇంటికి వచ్చి చెబితే మా అక్క ఆశ్చర్యపోలేదు.

"నేను ఎన్నేండ్ల సంది మొత్తుకుంటున్న, ఈనకు నా మాట ఇనవడ్తలేదని. ఎవలన్న నమ్మిండ్రా? ఉప్పు తెమ్మంటే పప్పు తెచ్చేటోడు. కావాల్నని చేస్తుండనుకున్న."

"అది గూడ ఉన్నది," అన్నారు బావ. ఆ రోజు ఆయన నవ్వించడానికి చేసిన ప్రయత్నం అదొక్కటే.

అక్క లోపలికి పోయాక ఆయన గొంతు తగ్గించి మాట్లాడాలనుకున్నారు. అది ఆయనకు చేతకాలేదు. "కారు సంగతి కాదు," అన్నారు. "కారుకు నువ్వున్నవ్, పోరి ఉన్నది. రిటైరయ్యే ముంగట ఆఖరి నాలుగైదేండ్లు జూడు. దినాం మూడు పార్లు కొట్టిన. దినాం గుర్తు పెట్టిన. నా గుర్తు జూసి మనుషులు కూసున్నరు."

గనిలో కొంత చేతి స్పర్శతో కూడా తెలుస్తుంది; కర్రతో తడుతూ రెండో అరచేయి పైకప్పుకు ఆనిస్తే కంపనం చర్మానికి అందుతుంది. ఆ మాట గుర్తు చేశాను.

"చెయ్యి అందిన కాడ అందింది. అందని కాడ?"

ఆ సంవత్సరాల్లో ఆయన భాగంలో పైకప్పు కూలి ఎవరూ గాయపడలేదన్నది నిజం. అయితే కూలకపోవడం ఆయన విన్నారనడానికి రుజువు కాదు. అంతకన్నా నన్ను కలవరపెట్టినది మరొకటి. కొలిచే పరికరమే ఏటికి కొంచెం చొప్పున మారిపోతే, కొలతలో మార్పు కనిపించదు. ఆయనకు మంచి రాయి ఖంగుమనడం ఏడాదికేడాది తగ్గుతూ వచ్చి ఉండాలి. మంచి రాయి అంటే ఇలాగే పలుకుతుందని చెవి దానికి అలవాటు పడిపోయి ఉండాలి. ఏ రోజూ నిన్నటికన్నా తక్కువ విన్నానని ఆయనకు అనిపించి ఉండదు. ఇది చెబితే ఓదార్పు అవుతుందో శిక్ష అవుతుందో తెలియక చెప్పలేదు.

వానలు వెనకబట్టాక ఆయన ఆసిఫాబాద్ వైపు ఒక ఊరికి పోదామన్నారు. చివరి ఏళ్లలో ఆయన కింద టింబర్‌మన్‌గా, అంటే పైకప్పుకు చెక్క దిమ్మెలు నిలబెట్టే కార్మికుడిగా పనిచేసిన మనిషి అక్కడ పత్తి సాగు చేసుకుంటున్నాడు. పిల్ల స్నేహితుల కారు అడిగి తెచ్చి నడిపింది. నన్ను ఎందుకు రమ్మన్నారని అడిగితే, తనకు వినపడనిది నేను విని చెప్పాలన్నారు.

టింబర్‌మన్ చేను గట్టు మీదనే ఎదురొచ్చాడు. ఎత్తుగా, ఒక భుజం వాలి ఉన్నాడు. మంచం వాల్చి మమ్మల్ని కూర్చోబెట్టాడు. బావ నీళ్లు కూడా ముట్టకుండా విషయం చెప్పారు, అధికారికి నివేదిక ఇస్తున్నట్టు నిటారుగా కూర్చుని: చెవులు పోయాయి, ఎప్పుడు పోయాయో తెలియదు, ఆఖరి ఏళ్లలో పెట్టిన గుర్తులకు పూచీ లేదు, ఆ గుర్తుల కింద పనిచేసినవారికి చెప్పడం తన బాధ్యత.

అవతలి మనిషి తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి మడతపెట్టాడు.

"మాకెర్కే సర్దార్ సాబ్."

బావ నావైపు తిరిగారు. నేను ఆ మాటను గట్టిగా మళ్లీ చెప్పాను.

"ఏం ఎర్క?"

"మీకు ఇనవడ్తలేదని. ఎన్కనుంచి పిలిస్తే తిరుగకపోదురు. మీరు కొట్టి గుర్తు పెట్టి ముంగటికి పోంగనే నేను మల్ల ఒకపారి కొట్టేటోన్ని. బోలు ఉన్నకాడ దిమ్మె పెట్టేటోళ్లం. మీరు మల్ల అచ్చి, గీడ దిమ్మె ఎందుకురా అంటే, ఊకెనే ఉండనీయుండ్రి అంటుంటిమి. యాదికి లేదా?"

బావకు జ్ఞాపకం ఉన్నట్టు ఆయన ముఖం చెప్పింది.

"మరి ఎందుకు చెప్పకపోతివిరా?"

"చెప్తే మిమ్ముల పైకి తీస్కపోతుండ్రి. ఆఫీసుల కూసోవెడ్తుండ్రి. కొత్త సర్దార్ ఎసొంటోడు అస్తడో ఏమెర్క? మీరైతే పండుగకు ముంగట నాగా పెట్టినా జర జూసీ జూడనట్టు ఉంటుంటిరి."

"నేను ఇనని కాడికి నువ్వు నీ మనుషుల్ని తీస్కపోయినవ్," అన్నారు బావ. నేను ఊహించినట్టు ఊరటతో కాదు, కోపంతో. "నువ్వు రాని దినం ఏమైతుండె?"

"నేను రాని నాడు ఇంకోడు కొట్టేటోడు. మేం మాట్లాడుకునే ఉంటిమి."

"నన్ను మోసం జేసిండ్రు."

"జేసినం," అన్నాడు ఆ మనిషి. "ఇగ నీళ్లు తాగుండ్రి."

ఆయన తాగారు.

తిరుగు ప్రయాణంలో చాలా దూరం పోయాక బావ ముందు సీటు నుంచి వెనక్కి తిరిగి అడిగారు. "నిజమేనంటవా? లేకుంటే ముసలోడు బాధపడ్తడని అల్లి చెప్పిండా?"

అదే ప్రశ్న నేనూ వేసుకుంటున్నాను. ఓదార్చడానికి అల్లే మాటలో చెప్పేవాడి స్వార్థం సాధారణంగా ఉండదు. ఈ మాటలో ఉంది. దిమ్మెల సంగతి బావకు కూడా గుర్తుంది. అవి నమ్మడానికి కారణాలు. కానీ రాతలో ఏదీ లేదు, అడగడానికి ఆనాటి పైకప్పు లేదు. ఆ భాగంలో బొగ్గు తీశాక అక్కడంతా ఇసుకతో నింపేశారు. అదే చెప్పాను.

"నమ్మేతందుకు ఉన్నది. రుజువు లేదు బావా."

ఆయన తల ఊపి ముందుకు తిరిగారు. కాసేపటి తర్వాత, నాకు కాకుండా కూతురికి చెప్పారు: "బిడ్డా, ఒక్కలు కొట్టింది లెక్కకు రాదు. నువ్వు కొట్టినంక నువ్వు లేనప్పుడు మీ చిన్నమ్మ కొట్టాలె. ఇద్దరు వేరువేరు రాయాలె. రాసింది ఒకలకొకలు చూపొద్దు."

ఆ చలికాలమంతా అలాగే చేశాము. నేను పన్నెండు ముక్కల మీద చెవిని సాధన చేసి, తొమ్మిది, పది సరిగా చెప్పగలిగిన తర్వాతే చట్రాన్ని ముట్టుకున్నాను. ఇద్దరి జవాబులు కలవనిచోట రంగు పరీక్ష పెట్టాము. అది పైపగుళ్లనే చూపుతుంది కనుక, దానితోనూ తేలనిచోట అతుకును కోసి లోపల చూశాము. మొత్తం ఐదు అతుకులు కోసి మళ్లీ వెల్డింగ్ చేయవలసి వచ్చింది. వాటిలో రెండు రోల్ కేజ్‌వి. ఒకదాన్ని కోసి విప్పితే, లోపలి అంచు వెల్డింగ్ అంటకుండా, ఫ్యాక్టరీలో కోసినప్పటి మెరుపుతో అలాగే ఉంది. పిల్ల ఆ ముక్కను చేతిలో తిప్పి తిప్పి చూసి బావకు ఇచ్చింది. అది ఆమె చేసిన అతుకు, ఆయన మంచిదన్న అతుకు. మళ్లీ వెల్డింగ్ చేసేటప్పుడు గొట్టాలను కదలకుండా పట్టుకున్నది ఆయనే. చేతులు ఇంకా దిమ్మెల్లా నిలుస్తాయి.

ఇంజను కూర్చుంది. చక్రాలు వచ్చాయి. ఫైబర్ డొప్పలు బిగించాక, దాన్ని చూసి మా అక్క ఇంత చిన్నగా ఉందేమిటని అడిగింది. వేములవాడకు తీసుకుపోయి పూజ చేయించాలని కూడా అంది. రోడ్డు మీదకు పోరాదని చెబితే, కొబ్బరికాయ షెడ్డులోనే కొట్టింది. నిమ్మకాయలు నాలుగు చక్రాల కింద పెట్టించింది. దానివల్ల ఏమవుతుందని నేను అడగలేదు.

పోటీ కరీంనగర్ శివారులోని మట్టి మైదానంలో. కార్లను మైదానంలోకి వదిలే ముందు నిర్వాహకుల తరఫున ఒక ఇంజనీరు ప్రతి బండినీ తనిఖీ చేస్తాడు. మా వంతు వచ్చింది. ఆయన కింద పడుకుని చూశాడు, సీటు బెల్టులు గుంజాడు, తర్వాత రోల్ కేజ్ పట్టుకుని ఊపి, చేతిలోని ఫారం చూసుకున్నాడు.

"చట్రం మీరే కట్టిండ్రు గద. వెల్డింగ్ ఎవరు చెక్ చేసిండ్రు?"

పిల్ల నోరు తెరిచి ఆగిపోయింది. ఏడాది కిందట అయితే 'బాపు' అన్న జవాబు ఆమె నాలుక మీదనే ఉండేది. ఆమె ఆగడం చూసి, ప్రశ్న ఏమిటో బావకు తెలిసిపోయింది.

"నేను చెయ్యలే సార్," అన్నారు, చుట్టుపక్కల నాలుగు కార్లవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా. "మైనింగ్ సర్దార్‌నే గని నాకు చెవులు పోయినయి. గీ ఇద్దరు చేసిండ్రు. వేరువేరు చేసిండ్రు. అందుల ఐదు పనికిరానియి వెళ్లినయి, కోసేసినం. రాతంత ఉన్నది, చూపియ్యుమంటే చూపిస్తం."

ఇంజనీరు మేము జవాబులు రాసుకున్న నోట్‌బుక్ తీసుకుని ఆసాంతం తిరగేశాడు. ఫారంలో మా ఇద్దరి పేర్లు రాసుకున్నాడు.

ఆమె మూడు సార్లు మైదానం చుట్టి వచ్చింది. రెండో సారి ఒక మలుపులో వెనక చక్రం గాలిలోకి లేచింది. బావ కుర్చీలోంచి సగం లేచి, అది నేలకు దిగాక కూర్చున్నారు. ఆమెకు ఏడో స్థానం వచ్చింది. కారు బోల్తా పడలేదు. అందువల్ల ఆ అతుకుల గురించి ఆ రోజు మాకు కొత్తగా తెలిసిందేమీ లేదు. పిల్ల హెల్మెట్ తీసి, దుమ్ము నిండిన ముఖంతో వచ్చి ఈ మాట తానే అంది. నేను అనవలసిన పని లేకపోయింది.

తిరుగుప్రయాణానికి దాన్ని బండి మీద ఎక్కించే ముందు బావ డొప్పలు విప్పమన్నారు. మళ్లీ కొట్టాలన్నారు. పరుగెత్తినంక మరోసారి చూడాలి, షిఫ్టుకు మూడు సార్లు చూసినట్టే.

"ఇప్పుడా బాపు? ఎండ చూడు."

"ఇప్పుడే."

పిల్ల మొదట కొట్టింది. నేను అవతలికి పోయి చెవులు మూసుకుని నిలబడ్డాను. తర్వాత నా వంతు వచ్చింది. ఆయన కారుకు నాలుగు అడుగుల దూరంలో రాయి మీద కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, గొట్టాలను కాదు, నా ముఖాన్ని చూస్తున్నారు. నేను ప్రతి అతుకునూ రెండు సార్లు కొట్టి, విని, రాసుకున్నాను. తర్వాత ఇద్దరం కాగితాలు ఆయన చేతికిచ్చాము; ఆయనే ఒక్కో వరుస మీదా వేలు పెట్టి కలిపి చూశారు.